ముప్పై ఏళ్ళకు వైద్యవిద్య : చదవండి, కొనవద్దు

కె.కోటపాడు, చోడవరము, దేవరాపల్లి ప్రాంతముల యువకులు నన్ను తఱచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “పరవాడలో మందుల కర్మాగారములో పనిచేస్తున్నాను. ఇంటరులో మార్కులు తక్కువ వచ్చాయి. ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. డాక్టరు కావాలని కోరిక ఉంది. కాగలనా?” ఇలా అడిగేవారిలో నర్సులు ఉన్నారు, రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్లు ఉన్నారు, 108 వాహనములలో పనిచేసేవారు ఉన్నారు, విశాఖపట్నములో కంప్యూటరు ముందు కూర్చొని విసిగిపోయినవారూ ఉన్నారు.

ఈ ప్రశ్నకు మన సమాజము రెండు సమాధానములను సిద్ధముగా ఉంచుకుంది. మొదటిది బంధువుల సమాధానము: “ఆ మార్కులతో, ఈ వయస్సులో నీకు డాక్టరు చదువేమిటి? ఉన్న ఉద్యోగము చేసుకో.” రెండవది సీట్ల ఏజెంట్ల సమాధానము: “మార్కులతో పని లేదు, వయస్సుతో పని లేదు. డబ్బు సిద్ధము చేసుకోండి, మిగిలినది మేము చూచుకుంటాము.”

రెండూ తప్పే. మొదటిది మనిషిని అవమానిస్తుంది. రెండవది మనిషిని దోచుకుంటుంది. అంతే కాదు, మొదటి మాట విని మనసు విఱిగినవాడే రెండవ మాటకు సులువుగా లొంగుతాడు. అందుచేత ఈ రెండింటినీ కలిపి ఖండించాలి. నా వాదము ఇది: పాత మార్కులు తక్కువైనవారికీ, వయస్సు పెరిగినవారికీ వైద్యవిద్యను కోరే హక్కు సంపూర్ణముగా ఉంది. కాని ఆ హక్కు చదివి సాధించుకొనేది, పొలము అమ్మి కొనుక్కొనేది కాదు. ఆ దారిని న్యాయముగా తీర్చిదిద్దవలసిన బాధ్యత ప్రభుత్వముది. ఆ బాధ్యతను అది ఇంతవఱకు తలకెత్తుకోలేదు.

చట్టము ఏమంటున్నది?

ముందుగా వయస్సు మాట చూద్దాము. 2017లో నీట్ ప్రవేశ పరీక్షకు సాధారణ వర్గమువారికి 25 ఏళ్ళు, రిజర్వేషను ఉన్న వర్గములవారికి 30 ఏళ్ళు గరిష్ఠ వయస్సుగా నిర్ణయించారు. దానిపై వ్యాజ్యములు నడిచాయి. 2018లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ పరిమితిని సమర్థించింది. తరువాత సర్వోన్నత న్యాయస్థానము, తుది తీర్పునకు లోబడి, వయస్సు మించినవారిని కూడా పరీక్షకు అనుమతించింది. చివఱకు జాతీయ వైద్య కమిషను 2022 మార్చిలో గరిష్ఠ వయోపరిమితిని తొలగించినట్లు ప్రకటించింది. ఇప్పుడు పదిహేడు ఏళ్ళు నిండిన ఎవరైనా ఆ పరీక్ష వ్రాయవచ్చు. ఎన్నిసార్లు వ్రాయాలన్న పరిమితి కూడా లేదు. మన పొరుగున ఒడిశాలో స్టేట్ బ్యాంకు నుంచి పదవీ విరమణ చేసిన ఒక అధికారి 64 ఏళ్ళ వయస్సులో, 2020లో, బుర్లా ప్రభుత్వ వైద్యకళాశాలలో మొదటి సంవత్సరము విద్యార్థిగా చేరారు. ఆ వార్త అప్పట్లో దేశమంతటా వచ్చింది.

రెండవది ఇంటరులో చదివిన గ్రూపు. జీవశాస్త్రము చదవక గణితము తీసుకొన్నవారికి ఒకప్పుడు ఈ దారి మూసి ఉండేది. ఇంటరు పూర్తయిన తరువాత జీవశాస్త్రమును అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డు ద్వారా చదివి ఉత్తీర్ణులైనవారు కూడా నీట్ వ్రాయవచ్చునని కమిషను 2023 నవంబరులో తెలిపింది. “మా నాన్నగారు ఇంజనీరింగు అన్నారు, నేను తలూపాను” అని బాధపడేవారికి ఇది చిన్న విషయము కాదు.

మూడవది ఇంటరు మార్కులు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రములలో సాధారణ వర్గమువారికి 50 శాతము, ఎస్.సి., ఎస్.టి., బి.సి. వర్గములవారికి 40 శాతము ఉండాలన్న నియమము చాలా కాలము నడిచింది. ఏ సంవత్సరము ప్రవేశమునకు ఆ సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదివి చూచుకోవాలి. అయితే ముఖ్య విషయము ఒకటి గ్రహించండి. ఇంటరు మార్కులు గడప దాటడానికి మాత్రమే పనికి వస్తాయి. సీటు ఎవరికన్నది నీట్ మార్కులను బట్టి తేలుతుంది. ఇంటరులో 58 శాతము వచ్చినవారూ 98 శాతము వచ్చినవారూ ఆ పరీక్ష గదిలో ఒకే గీత మీద నిలబడతారు.

అంటే “నీకు అర్హత లేదు” అనే బంధువుల మాటలో నిజము లేదు. అర్హత ఉంది. ఇప్పుడు ఏజెంట్ల మాటకు వద్దాము.

‘అర్హత’ అనే మాట వెనుక

నీట్ ఫలితములు వచ్చిన మర్నాడు ఎన్నో ఇళ్ళలో మిఠాయిలు పంచుకుంటారు. “మా వాడు నీట్ క్వాలిఫై అయ్యాడు.” ఈ మాటకు అర్థమేమిటో ఒకసారి లెక్క వేసి చూడండి.

2025లో నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల సమయము. సరియైన ప్రతి సమాధానమునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. ఆ సంవత్సరము సాధారణ వర్గమువారికి అర్హత మార్కులు 144. అంటే 36 ప్రశ్నలకు సరిగా సమాధానములు వ్రాసి, మిగిలిన 144 ప్రశ్నలను ముట్టుకోకుండా లేచి వచ్చినవాడు కూడా అర్హుడే. నూటికి ఇరవై మార్కులు. రిజర్వేషను ఉన్న వర్గములకు అది 113.

ఇది ఎలా సాధ్యమంటే, అర్హతను శాతముతో కాక పర్సెంటైలుతో కొలుస్తారు. 50 పర్సెంటైలు అంటే 50 శాతము మార్కులు కావు. పరీక్ష వ్రాసినవారిలో సగము మంది కంటె మీరు పైన ఉన్నారని మాత్రమే. ఆ సంవత్సరము సుమారు 22 లక్షల మంది వ్రాస్తే 12 లక్షలకు పైగా అర్హులయ్యారు. దేశములో ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. అంటే అర్హులలో పదిమందికి ఒక్క సీటు.

మిగిలిన తొమ్మిదిమందిని ఏమి చేస్తారు? ఇక్కడే బేరము మొదలవుతుంది. అర్హత గీతను అంత క్రింద గీయడము వలన తక్కువ మార్కుల పేదవానికి ఒరిగినది ఏమీ లేదు. అతనికి ప్రభుత్వ సీటు అందదు, యాజమాన్యపు సీటు కొనలేడు. లాభపడినది తక్కువ మార్కులూ ఎక్కువ డబ్బూ ఉన్నవాడు. మన రాష్ట్రములో ప్రైవేటు వైద్యకళాశాలలలో సగము సీట్లు కన్వీనరు కోటా, 35 శాతము యాజమాన్యపు కోటా, 15 శాతము ప్రవాస భారతీయుల కోటా. ప్రైవేటు కళాశాలల సంగతి అలా ఉంచండి. 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలలో 150 సీట్ల చొప్పున ప్రారంభమయిన ప్రభుత్వ కళాశాలలలోనే ఇదే పద్ధతిలో సీట్లను విభజించి, ఒక వర్గమునకు ఏటా 12 లక్షలు, మఱియొక వర్గమునకు ఏటా 20 లక్షల రూపాయల రుసుము పెట్టారు. ఏటా 12 లక్షలంటే నాలుగున్నరేళ్ళకు 54 లక్షలు. ప్రభుత్వము కట్టిన గోడల మధ్య, ప్రభుత్వాసుపత్రి రోగుల మీద నేర్చుకొనే చదువునకు ఈ ధర.

మంచి మార్కులతో అటువంటి సీటు తీసుకొన్నవారిని నేను నిందించడము లేదు. సీట్లు చాలనప్పుడు మనుషులు ఏదో ఒక దారి వెదుకుకుంటారు. నేను నిందించేది, నూటికి ఇరవై మార్కులను ‘అర్హత’ అని పిలిచి, ఆ మాటతో తల్లిదండ్రుల చేత సంతకములు పెట్టించే ఏర్పాటును.

తక్కువ మార్కులు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు?

పదిహేడేళ్ళ వయస్సులో వచ్చిన మార్కులు ఆ రెండేళ్ళలో ఆ పిల్లవాడు ఎలా చదివాడో చెబుతాయి. ఎందుకు అలా చదివాడో చెప్పవు. ఇంట్లో జబ్బు, అప్పు, తెలుగు మాధ్యమము నుంచి ఒక్కసారిగా ఆంగ్లమునకు మారిన తికమక, తనకు ఇష్టము లేని గ్రూపు, వసతిగృహములో పదహారు గంటల బట్టీకి అలసిపోయిన మెదడు: ఇవేవీ మార్కుల పత్రము మీద కనిపించవు. పదిహేడేళ్ళ కుఱ్ఱవాని మీద వ్రాసిన తీర్పును ముప్పై ఏళ్ళ మనిషి మీద అమలు చేయడము న్యాయము కాదు.

మన తెలుగువారికి ఇందుకు గొప్ప సాక్ష్యము యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరములో పుట్టిన ఆయన మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటకు వచ్చారు. ఆ ‘తక్కువ’ పట్టమువాడే తరువాత అమెరికా వెళ్ళి, హార్వర్డులో చదువుకొని, శరీరములో భాస్వరమును కొలిచే పద్ధతిని సహచరుడు ఫిస్కేతో కలిసి రూపొందించాడు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వములో ఫోలిక్ ఆమ్లము తయారీ, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందు వెలువడ్డాయి. మన కోస్తా జిల్లాలలో బోదకాలు నిర్మూలన కొఱకు ఇంటింటికీ తిరిగి మ్రింగించిన మాత్రల వెనుక, మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగువాడు ఉన్నాడు.

ఆలస్యముగా మొదలుపెట్టడమునకు ఆల్బర్ట్ ష్వైట్జర్ ఉదాహరణ. దైవశాస్త్రములో ఆచార్యుడుగా, సంగీత విద్వాంసుడుగా పేరు తెచ్చుకొన్న తరువాత, 1905లో ముప్పై ఏళ్ళ వయస్సులో ఆయన స్ట్రాస్‌బర్గులో వైద్యవిద్య మొదలుపెట్టాడు. 1913లో పట్టము పుచ్చుకొని ఆఫ్రికాలోని లాంబరీనేలో ఆసుపత్రి పెట్టాడు.

అయితే జాగ్రత్త. ఈ పేర్లను శిక్షణ సంస్థల ప్రకటనలు కూడా వాడుకుంటాయి. “సుబ్బారావు గారు కూడా పరీక్ష తప్పారు, మీరూ కట్టండి రుసుము” అన్న ధోరణి. పరీక్ష తప్పడము ఆయన గొప్పతనము కాదు. తప్పిన తరువాత ఆయన చేసిన పని గొప్పతనము. అమెరికాలో ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ ఆయన చదువుకొన్నారు. ఆయన పట్టమును ఎవరి దగ్గఱా కొనలేదు. తక్కువ మార్కులు అడ్డంకి కావు అన్నది ఎంత నిజమో, అవి యోగ్యత కావు అన్నదీ అంతే నిజము.

వైద్యుడను కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ చదువులో తక్కువ మార్కుల ఖరీదు విద్యార్థి ఒక్కడే చెల్లించడు. మందు మోతాదు లెక్క తప్పితే చెల్లించేది రోగి. గుండెపోటును అజీర్తి అనుకొని ఇంటికి పంపిస్తే చెల్లించేది ఆ ఇల్లాలు. అందుచేత “మార్కులు అక్కఱలేదు” అని చెప్పేవాడు మీకే కాదు, మీ దగ్గఱకు రాబోయే రోగులకూ శత్రువే.

విదేశపు సీటు

దేశములో బేరము కుదరనివారికి ఏజెంట్లు ప్రపంచ పటము చూపిస్తారు. కిర్గిజ్‌స్థాన్, జార్జియా, రష్యా, ఫిలిప్పీన్స్. “మొత్తము ముప్పై లక్షలలో డాక్టరు” అంటారు. ముప్పై లక్షలంటే కె.కోటపాడు చుట్టుప్రక్కల చెరకు పండించే కుటుంబమునకు ఏమి అమ్మితే వస్తుందో మీకు తెలుసు.

వారు చెప్పని విషయములు కొన్ని ఉన్నాయి. విదేశములో చదవాలన్నా నీట్‌లో అర్హత తప్పనిసరి. 2021 నవంబరులో వచ్చిన నియమముల ప్రకారము అక్కడి చదువు 54 నెలలకు తక్కువ కాకూడదు; అంతా ఆంగ్ల మాధ్యమములో, ఒకే సంస్థలో జరగాలి; అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి; ఆ దేశములో వైద్యవృత్తి చేయడానికి అర్హత లభించాలి; చేరిన నాటి నుంచి పదేళ్ళలోపల అన్నీ ముగియాలి. తిరిగి వచ్చి ఇక్కడ పరీక్ష ఉత్తీర్ణులై, ఇక్కడ మఱల 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఫిలిప్పీన్స్‌లో అసలు వైద్యవిద్య నాలుగేళ్ళు, అంటే 48 నెలలు. దానికి ముందు చదివే బి.ఎస్. వైద్యవిద్యగా లెక్కకు రాదు. ఈ ఒక్క లెక్క తెలియక ఎంతోమంది పిల్లలు చిక్కులలో పడ్డారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధము మొదలయినప్పుడు ఉక్రెయిను నుంచి ప్రాణములు అరచేత పెట్టుకొని తిరిగి వచ్చిన వేలాది విద్యార్థుల కష్టము వేఱు. చదువు మధ్యలో ఆగినవారిని మన కళాశాలలలో చేర్చుకోవడానికి మన నియమములు ఒప్పుకోలేదు.

తిరిగి వచ్చినవారు వ్రాయవలసిన పరీక్షలో 300 ప్రశ్నలు. తప్పునకు కోత లేదు. 150 వస్తే చాలు. ఆ పరీక్షలో 2024 డిసెంబరులో ఉత్తీర్ణులైనవారు నూటికి 29 మంది లోపు. 2025 జూనులో నూటికి 19 మంది లోపు. తప్పినవారు ఏమవుతారో ఏ ఏజెంటూ చెప్పడు. కొందఱు ఏళ్ళ తరబడి శిక్షణ సంస్థల చుట్టూ తిరుగుతారు. కొందఱు నర్సింగు హోములలో రాత్రిపూట ‘డ్యూటీ డాక్టరు’ పేరుతో తక్కువ జీతమునకు, రిజిస్ట్రేషను లేకుండా పనిచేస్తారు. జాతీయ వైద్య కమిషను చట్టము 34వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను లేకుండా వైద్యము చేసినవారికి ఏడాది వఱకు జైలు, ఐదు లక్షల రూపాయల వఱకు జరిమానా విధించవచ్చు. అప్పు మిగిలి, పట్టము చేతిలో ఉండి, సంతకము పెట్టే హక్కు లేని స్థితి అది.

విదేశములో చదివి వచ్చి చక్కగా పనిచేస్తున్న వైద్యులు ఉన్నారు. వారు అక్కడ కూడా కష్టపడి చదివినవారే. ఇంటరులోనూ చదవలేదు, నీట్‌కూ చదవలేదు, అక్కడికి వెళ్ళిన తరువాత చదువుతాను అనుకొనేవారికి ఆ దేశములలో ప్రత్యేకమైన మంత్రము ఏదీ లేదు.

కాలపు లెక్క

ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి ఈనాడు మొదలుపెడితే, నిజాయితీగా చదవడానికి రెండేళ్ళు. ముప్పై ఒకటికి చేరితే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ముప్పై ఏడవ ఏట డాక్టరు. స్నాతకోత్తర విద్యకు మఱియొక పరీక్ష, మూడేళ్ళు. నలభై. నెలకు ముప్పై వేలు సంపాదిస్తున్నవాడైతే ఈ ఏడున్నరేళ్ళలో వదులుకొనే జీతమే 27 లక్షలు. ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరపు పరీక్షకు నాలుగు అవకాశములకు మించి లేవు. మొత్తము చదువు తొమ్మిదేళ్ళలో ముగించాలి. ఇవి 2023 నియమములు. ప్రభుత్వ నియామకములకు ఉండే వయోపరిమితిని కూడా ముందే చూచుకోవాలి.

ఈ లెక్క భయపెట్టడానికి కాదు. పెళ్ళి, పిల్లలు, తల్లిదండ్రుల మందుల ఖర్చు ఉన్న మనిషి కళ్ళు తెరచుకొని నిర్ణయము తీసుకోవాలని. నలభై ఏళ్ళు ఎలాగూ వస్తాయి, డాక్టరుగా వస్తాయా లేదా అన్నదే ప్రశ్న అని కొందఱు అంటారు. ఆ మాటలో నిజము ఉంది. కాని నలభై ఏళ్ళు డాక్టరుగా కాక అప్పుతో వచ్చే అవకాశము కూడా ఉంది.

దీనికి ఎదురుగా ఇంకొక వాదము ఉంది. “ఒక ప్రభుత్వ సీటును ముప్పై ఏళ్ళవానికి ఇస్తే సమాజమునకు పదేళ్ళ సేవ నష్టము కదా?” ఈ లెక్కను పద్దెనిమిదేళ్ళవారి విషయములో ఎవరూ వేయరు. ప్రజల సొమ్ముతో చదివి, పట్టము అందిన మర్నాడే అమెరికాకో ఇంగ్లండుకో వెళ్ళినవాని సేవ ఎన్నేళ్ళు? పల్లెటూరి ఆసుపత్రిలో ఏడాది కూడా నిలువనివాని సేవ ఎన్నేళ్ళు? ఈ ఊళ్ళోనే ఇల్లు, పొలము, పిల్లల బడి ఉన్న మనిషి డాక్టరు అయితే ఇక్కడే నిలబడే అవకాశము ఎక్కువని నా నమ్మకము. సేవాకాలమును పుట్టిన సంవత్సరముతో కాక పనిచేసిన చోటుతో కొలవాలి.

ప్రభుత్వమును అడగవలసినది

ఇక అసలు అన్యాయము దగ్గఱకు వద్దాము. బి.ఎస్సి. నర్సింగు నాలుగేళ్ళు చదివిన ఒక సోదరిని ఊహించుకోండి. శరీర నిర్మాణము, శరీర ధర్మము, సూక్ష్మజీవుల శాస్త్రము, ఔషధ శాస్త్రము చదివింది. పదేళ్ళు కాన్పుల గదిలో పనిచేసింది. ఆమె డాక్టరు కావాలనుకుంటే మన దేశములో ఆమెకున్న దారి ఏమిటి? నిన్న ఇంటరు వ్రాసిన పిల్లలతో కలిసి కూర్చొని, విసిరిన బంతి ఎంత దూరములో పడుతుందో మూడు గంటలలో లెక్క కట్టాలి. ఆమె చదివిన నాలుగేళ్ళకు, పనిచేసిన పదేళ్ళకు ఒక్క మార్కు కూడా లేదు.

అమెరికాలో ఏ డిగ్రీ అయినా పూర్తిచేసిన తరువాతే వైద్యవిద్యలో చేరుతారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో పట్టభద్రుల కొఱకు వేఱే ప్రవేశ మార్గములు ఉన్నాయి. వృత్తి మారేవారు అక్కడ వింత మనుషులు కారు. మన దగ్గఱ కూడా ఇది వినని మాట కాదు. పూర్వము ఎల్.ఎం.పి. చదివి పనిచేస్తున్నవారు కుదించిన ఎం.బి.బి.ఎస్. చదువు చదివి పూర్తి పట్టము పొందిన కాలము ఉంది. 1946లో భోర్ సంఘము దేశమంతటికీ ఒకే స్థాయి వైద్యవిద్య ఉండాలని చెప్పిన తరువాత ఎల్.ఎం.పి. చదువులు క్రమముగా అంతరించాయి. ఒకే స్థాయి ఉండాలన్నది సరియైనదే. ఒకే వయస్సువారు, ఒకే దారిన రావాలని ఆ సంఘము చెప్పలేదు.

ఇంకా దగ్గఱి ఉదాహరణ కావాలంటే, మన రాష్ట్రములోనే ప్రభుత్వ సేవలో ఉన్న వైద్యులకు స్నాతకోత్తర విద్యలో కొన్ని సీట్లు కేటాయిస్తారు. పల్లెలలో పనిచేసిన అనుభవమునకు అక్కడ విలువ ఉంది. అదే విలువ నర్సుకు, ఫార్మసిస్టుకు, లాబ్ టెక్నీషియనుకు ఎం.బి.బి.ఎస్. ప్రవేశములో ఎందుకు ఉండకూడదు? 2018 తరువాత గ్రామములలో నియమించిన మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు నర్సింగు పట్టముతో, ఆరు నెలల అదనపు శిక్షణతో రక్తపుపోటు, మధుమేహము ఉన్నవారిని కనిపెట్టుకొని ఉంటున్నారు. ప్రజల ఆరోగ్యమును వారికి అప్పగించగలిగిన ప్రభుత్వము, వారిని పూర్తి వైద్యులుగా తీర్చిదిద్దే నిచ్చెన వేయలేదా?

నేను కోరేది పరీక్షలను సడలించమని కాదు. విశ్వవిద్యాలయపు పరీక్షలు అందఱికీ ఒకటే ఉండాలి. ప్రవేశములో కొన్ని సీట్లను, పదిహేనేళ్ళు గ్రామీణ సేవ చేస్తామని ఒప్పుకొనే ఆరోగ్య సిబ్బందికి, వారి సబ్జెక్టులలో పెట్టిన గట్టి పరీక్ష ద్వారా ఇవ్వమని కోరుతున్నాను. 12 లక్షలకు అమ్మే సీట్లు ఉన్నప్పుడు, సేవకు బదులుగా ఇచ్చే సీట్లు ఉండకూడదా? 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్యకళాశాల 50 సీట్లతో మొదలయింది. మన్యములో పనిచేసే నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఆ గేటు ముందు నుంచి రోజూ డ్యూటీకి వెళ్తారు. ఆ గేటు లోపలికి వారికి అనుభవముతో వెళ్ళే దారి లేదు. దీనిని మన శాసనసభ్యులను అడగాలి, ఆరోగ్య విశ్వవిద్యాలయమును అడగాలి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

మీరు చేయవలసినది

ఈ నిచ్చెన వచ్చే వఱకు ఆగలేనివారికి నేను చెప్పేది ఇది.

ఉద్యోగము మానకుండా ఆరు నెలలు పదకొండు, పన్నెండు తరగతుల భౌతిక, రసాయన, జీవ శాస్త్ర పుస్తకములు స్వయముగా చదవండి. రోజుకు మూడు గంటలు. తరువాత గత సంవత్సరముల ప్రశ్నాపత్రములు నాలుగైదు ఇంట్లో గడియారము పెట్టుకొని వ్రాయండి. ఎవరికీ చూపించనక్కఱలేదు. విడత విడతకు మార్కులు పెరుగుతూ ఉంటే మీలో చదువు బ్రతికే ఉంది. అప్పుడు ఉద్యోగమునకు సెలవు పెట్టే ఆలోచన చేయండి. ఆరు నెలల తరువాత కూడా పెరగకపోతే, ఆ మాట మీకు ఉచితముగా తెలిసింది. ఏజెంటు దగ్గఱ తెలుసుకోవాలంటే ముప్పై లక్షలు.

గడువు ముందే పెట్టుకోండి. ఇన్నిసార్లు వ్రాస్తాను, అంతకు మించి వ్రాయను అని ఒక కాగితము మీద వ్రాసి ఇంట్లోవారికి ఇవ్వండి. ప్రయత్నములకు పరిమితి లేకపోవడము వరమూ, శాపమూ కూడా.

పొలము అమ్మకండి, తాకట్టు పెట్టకండి. మీ నీట్ మార్కులతో కన్వీనరు సీటు గాని, మీ సంపాదనకు లోబడిన సీటు గాని రాకపోతే, ఆ సీటు మీది కాదు. సీటు ‘ఇప్పిస్తాము’ అనేవారికి ఒక్క రూపాయి బయానా ఇవ్వకండి. అధికారిక కౌన్సెలింగు ద్వారా తప్ప సీటు ఇచ్చేవారు ఎవరూ లేరు.

మీకు కావలసినది ఏమిటో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. రోగికి సేవ చేయడమా, పేరుకు ముందు రెండక్షరములా? సేవయే అయితే నర్సింగు, ఫిజియోథెరపీ, ప్రయోగశాల శాస్త్రము, డయాలిసిస్, మత్తుమందు విభాగపు సాంకేతిక విద్యలు ఉన్నాయి. వీటిలో నర్సింగు తప్ప మిగిలిన వృత్తుల కొఱకు 2021లో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసింది. వీటిని నేను ఓదార్పు బహుమతులుగా చెప్పడము లేదు. మంచి నర్సు లేని ఆసుపత్రిలో ఎంత గొప్ప వైద్యుడైనా సగము మనిషే.

చదువు భారముతో నిద్ర పట్టకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా దాచుకోకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడుతారు, ఉచితముగా.

ఇరవై తొమ్మిదేళ్ళ కోరికను నవ్వి కొట్టివేసే బంధువులకు చివరి మాట: ఆ పిల్లవానికి మీ జాలి అక్కఱలేదు, ఆరు నెలలు సాయంత్రము మూడు గంటల నిశ్శబ్దము ఇవ్వండి. మీ మామిడిచెట్టు క్రింద కూర్చొని దేశదేశముల సీట్ల ధరలు చదివే పెద్దమనిషి వస్తే మాత్రము మంచినీళ్ళు ఇచ్చి పంపించివేయండి. పొలము కాగితములు బీరువాలోనే ఉండనివ్వండి.